ఎడమ ప్రవేశం

ఆ చలికాలం ఒజుర్గెతి బడిలో
హాజరు పట్టీ పక్కనే ఇంకో పట్టీ ఉండేది:
ఎవరు కట్టె తెచ్చారు, ఎవరు తేలేదు.
తొమ్మిదో తరగతిలో ఇరవై ముగ్గురు,
ఒక ఇనప పొయ్యి,
నాలుగు మెట్లు మూగబోయిన పియానో.
నేను సంగీతమూ నాటకమూ చెప్పేదాన్ని.
జీతమంటారా,
వచ్చిన నెలలో మొక్కజొన్న పిండి.

మా గురియాలో పాటకు మూడు గొంతులు.
పైది కోడిపుంజులా గోడెక్కి అరుస్తుంది,
నడిమిది కథ చెబుతుంది,
కిందిదాన్ని బని అంటాం.
చాలాసార్లు దానికి మాటలే ఉండవు.
మోస్తుంది, అంతే.

బాద్రిది పైగొంతు.
సెప్టెంబరులో కిటికీ అద్దాలు వణికించిన పిల్లాడు
నవంబరుకి నోరు తెరిస్తే
సగం మేక, సగం తలుపు.
ఆడపిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు.
ఆ తరవాత పాడటం మానేశాడు.
ఆవిరి పట్టరా అన్నాను.
"దేనిమీద కాచను టీచర్?" అన్నాడు.

నాటకం మేమే అల్లుకున్నాం,
గాలి మీద పన్ను వేసిన రాజు కథ.
ఝుఝునా రాజు, గడ్డం గొర్రె ఉన్ని.
ఎల్గుజా సుంకరి,
మూతపడ్డ తేయాకు ఫ్యాక్టరీ నుంచి
తక్కెడ మోసుకొచ్చాడు, గాలిని తూచడానికి.
బాద్రికి తలుపు వేషం ఇచ్చాను.
తెరుచుకోవాలి, మూసుకోవాలి, కిర్రుమనాలి.
ఆ గొంతుకి అంతకన్నా మర్యాద నాకు తోచలేదు.

డిసెంబరులో ఒక సోమవారం
వేదిక మీద రెండు చెక్కలు లేవు.
హెడ్మాస్టరు దొంగ వంశాన్నంతా తిట్టి అలిసిపోయాడు.
అప్పటికి ఊళ్ళో కంచెలు పోతున్నాయి,
పార్కులో బెంచీలు పోతున్నాయి,
ఎవరింటి పొగ గొట్టాన్ని అడుగుతాం?

మంగళవారం బాద్రి కట్టె తెచ్చాడు.
ఆ నెలలో అదే మొదటిసారి.
జానెడున్నర ముక్క, రంపం కోత ఇంకా పచ్చిగా.
పొయ్యిలో పెట్టబోతూ తిప్పి చూశాను.
నా సుద్ద. నా చేతిరాత.
"ఎడమ ప్ర"
మిగతా అక్షరాలు వాళ్ళింట్లో
ఆ రాత్రి ఎవరి పాదాలనో వెచ్చబెట్టి ఉంటాయి.

వాడు పియానో వైపు చూస్తున్నాడు,
మూగ మెట్ల వైపు.
పట్టీలో వాడి పేరు పక్కన టిక్కు పెట్టాను.
చెక్కను మంటకిచ్చాను.
పాత రంగు కాలితే వాసన చేదుగా ఉంటుంది.
అందరి చేతులూ పొయ్యి చుట్టూ మూగాయి,
వాడివి తప్ప.

నాది దయ అనుకోకండి.
మా ఇంట్లో పియానో ముందు పీట ఉండేది.
ఎక్కడికి పోయిందో నన్నెవరూ అడగలేదు.

ఆ వారం రాజుగారు సంభాషణ మధ్యలో
మోకాలి దాకా ఆ సందులో దిగబడ్డారు,
గడ్డం ఊడింది.
అందరూ నా వైపు చూశారు.
"తలుపు అక్కడే నిలబడుతుంది," అన్నాను.

బాద్రి దిగాడు. తొడల దాకా చీకటి.
కిర్రుమన్నాడు, ఎప్పటిలాగే మేక.
"ఇంకా కింద."
మళ్ళీ కిర్రుమన్నాడు.
"ఇంకా కింద, బాద్రి. ఇది కోట తలుపు,
కోళ్ళగూటి తలుపు కాదు."
ఈసారి వేదిక కింది బోలు పలికింది,
ఖాళీ ద్రాక్షసారా కాగులా.
ఎల్గుజా చేతిలో తక్కెడ సన్నగా ఊగింది.

ఎవరూ నవ్వలేదు.
వాడు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు,
ఆ గొంతు వేరే ఎవరిదో అన్నట్టు.
నేను చెప్పకుండానే
ఎలిసో నడిమి గొంతు అందుకుంది,
పైగొంతు కోసం కాసేపు ఎవరూ ముందుకు రాలేదు.
వాడు ఊపిరి తీసుకుంటూ పట్టి ఉంచాడు,
మాటల్లేని ఆ ఒక్క స్వరాన్ని,
చెమట పట్టే దాకా.

ప్రదర్శన రోజున కరెంటు పోయింది,
అది పెద్ద వార్తేం కాదు.
తడుముకుంటూ వెళ్ళి సుద్దతో రాశాను
ఆ సందు అంచు మీద, పూర్తిగా ఈసారి.
సరిగ్గా పడిందో లేదో
చీకట్లో కనిపించలేదు.